ఎండబెట్టిన ఇరవయ్యేళ్ళు

మా మేడం అమ్మే టీ డబ్బా మీద మూడు మాటలుంటాయి. ఆరోగ్యం, ప్రశాంతత, ధ్యానం. ఆ డబ్బాలో ఏ ఆకు ఎంత పడాలో తేల్చేదాన్ని నేను. ఆ మూడింటిలో నా దగ్గర ఒక్కటీ లేదు. మోకాళ్ళు సహకరించవు. నిద్ర పట్టదు. ఎవరితోనైనా పది నిమిషాలు మాట్లాడితే పదకొండో నిమిషానికి వాదన మొదలవుతుంది. ఈ సంగతి మేడంకీ తెలుసు. "నువ్వు నోరు తెరవనంతసేపు ఎంత ప్రశాంతంగా కనిపిస్తావో" అంటుంది. అందుకే సోమవారం సాయంత్రాలు షాపులో జరిగే ధ్యానం క్లాసులో నా పని టీ వొంపడం వరకే.

రియాద్‌కి నేను ఉద్యోగం కోసం రాలేదు, మా ఆయన వెనక వచ్చాను. బోటనీలో డిగ్రీ ఉంది గనక మనవాళ్ళ పిల్లలు చదివే ఒక స్కూల్లో కొన్నాళ్ళు పాఠాలు చెప్పాను. ప్రిన్సిపాల్‌తో గొడవపడి మానేశాను. ఆ గొడవలో న్యాయం నాదే, ఇప్పటికీ అదే అంటాను. తర్వాత ఎవరో చెప్తే ఈ షాపుకి వెళ్ళాను. మేడం ఇక్కడి మనిషే, నా వయసుదే. చైనాలో కొన్నేళ్ళు చదువుకుని, అక్కడి పాత టీకి అలవాటుపడి, తిరిగొచ్చాక షాపు పెట్టింది. నా ముందు మూడు చిన్న గిన్నెలు పెట్టి ఏమనిపిస్తోందో చెప్పమంది. మొదటిది పాత పుస్తకం తెరిచినట్టుందన్నాను. రెండో దాంట్లో కమలాతొక్క ఉందన్నాను. మూడోది తాగకుండానే పక్కకి జరిపి, "దీన్ని సబ్బుల పక్కన పెట్టారు" అన్నాను. నిజంగానే దాన్ని రెండు వారాలు సబ్బుల గోడౌన్‌లో ఉంచారట. నా నోటికి ఈ జన్మలో దక్కని మర్యాద ఆ పూట నా ముక్కుకి దక్కింది.

ఈ టీ సంగతి తెలియనివాళ్ళకి కాస్త చెప్పాలి. ఆకుని ఆవిరి పట్టి, గుండ్రటి బిళ్ళగా అదిమి, కాగితం చుట్టి ఏళ్ళ తరబడి దాస్తారు. చూడ్డానికి అచ్చం పిడక. మొదటిసారి ఒకటి ఇంటికి తెస్తే మా ఆయన అటూ ఇటూ తిప్పి, "డిగ్రీ చదివి పిడకలమ్ముకుంటున్నావన్నమాట" అన్నాడు. ఆయనకి టీ అంటే పాలు, పంచదార, అల్లం. వేరేదేదైనా కషాయం.

ఏళ్ళు గడిచేకొద్దీ ఆ బిళ్ళలో వగరు చచ్చిపోతుంది. రంగు చిక్కబడుతుంది. తడిమట్టి వాసన వస్తుంది, మింగిన కాసేపటికి గొంతులోంచి తీపి పైకి వస్తుంది. దానికి నేను పదేళ్ళ నాటి కమలాతొక్క కలుపుతాను, పాత తెల్ల టీ కలుపుతాను, ఒక్కో రకంలో ఇక్కడి తాయిఫ్ కొండల గులాబీ మొగ్గలు కూడా. భోజనం తర్వాత తాగేది ఒకటి, పడుకునే ముందుది ఒకటి, కూర్చుని కళ్ళు మూసుకునేవాళ్ళకి ఒకటి. జబ్బులు తగ్గుతాయని డబ్బా మీద రాద్దామని మేడం రెండుసార్లు అనుకుంది. రెండుసార్లూ నేను ఒప్పుకోలేదు. వేడినీళ్ళు తాగి అరగంట కదలకుండా కూర్చుంటే ఎవరికైనా కొంత బాగుంటుంది, అందులో ఆకు గొప్ప ఎంతో నాకు తెలియదు, తెలియనిది రాయను అన్నాను. "అమ్మేదానివా, అడ్డం పడేదానివా?" అంది. "రెండూ" అన్నాను.

ధ్యానం రకానికి అడుగున పడేది ఇరవయ్యేళ్ళ నాటి బిళ్ళ. అది లేకపోతే మిగిలినవి నీళ్ళలో తేలిపోయినట్టుంటాయి. ఈ ఏడు వేసవి వచ్చేసరికి మా దగ్గర అవి పన్నెండే మిగిలాయి.

అసలు రియాద్ గాలిలో ఈ టీ బతకదు. ఇక్కడి పొడికి బిళ్ళలోని తడంతా పోయి అట్టముక్క అవుతుంది. అందుకని ఊరి శివారు సులైలో, లారీ వర్క్‌షాపుల మధ్య ఉన్న మా గోడౌన్‌లో, కిటికీల్లేని ఒక గది కట్టించాం. గోడల వెంబడి మట్టికుండల్లో నీళ్ళు, మధ్యలో చెక్క అరలు. కుండలు నింపడం, తేమ చూపించే మీటర్ చూడడం, వారానికోసారి బిళ్ళలు తిరగేయడం ఒక మనిషి పని. జగిత్యాల వైపు అతను. నలభై దాటాయి, మీసం సగం తెల్లబడింది. నాలుగేళ్ళుగా ఆ గది అతని చేతిలోనే ఉంది. నన్ను అక్కా అంటాడు. గది తాళాలు ఇద్దరికే ఉన్నాయి, అతనికీ నాకూ.

వేసవిలో మా షాపుకొచ్చే ఆడవాళ్ళంతా చల్లటి దేశాలకి పోతారు. క్లాసులు ఆపేస్తాం. సెలవులు ఇద్దరికీ అప్పుడే. ఆ నెలన్నరా కంపెనీ డ్రైవర్ వెళ్ళి కుండల్లో నీళ్ళు పోస్తాడు. నేను రెండేళ్ళుగా ఇంటికి వెళ్ళలేదు. బాపట్లలో మా అక్క దగ్గర నెల రోజులు ఎవరికీ ఏమీ చెప్పకుండా, ఎవరినీ సరిదిద్దకుండా పడుకుని లేవాలని ఉంది. నా కోసం అక్క మంచానికి కొత్త నవారు కూడా అల్లించింది. అతను ఇంటికి పోయి మూడేళ్ళయింది. ఊళ్ళో రెండు గదుల ఇల్లు కట్టుకున్నాడు. భార్య గృహప్రవేశం రెండుసార్లు వాయిదా వేసింది, ఆయన లేకుండా పాలు పొంగించనని. ఈసారి ముహూర్తం తప్పితే తర్వాత మూఢమట. ప్రతి శుక్రవారం బతా బజారుకి పోయి గోడగడియారం ఒకటి, కంబళ్ళు రెండు, స్టీలు డబ్బాల సెట్టు ఒకటి కొని గోడౌన్ మూల అట్టపెట్టెలో సర్దుకుంటున్నాడు.

ఇక జరిగింది చెప్తాను.

ఒక సోమవారం సాయంత్రం. క్లాసుకి పదిమంది వచ్చారు. ఫోన్లన్నీ బుట్టలో వేయించాం. నాది మాత్రం నా ఒళ్ళోనే ఉంది, వణికింది. అతనే.

"అక్కా, గా పాత బిళ్ళలు మక్కిన వాసనొస్తున్నయి."

"అవి అలాగే వస్తాయయ్యా" అని పెట్టేశాను.

రెండు రోజుల తర్వాత మళ్ళీ చేశాడు. ఆ రోజు నేను పొద్దుటినుంచీ కమలాతొక్కలు ఏరుతూ మెడ పట్టేసి ఉన్నాను.

"అక్కా, తెల్ల చుక్కలు గూడ ఉన్నయి. బూజు వట్టిందేమో. లీవు మీద పోయేముంగట చూస్కోవాలె గదా."

"నాకిప్పుడు ఓపిక లేదు బాబూ. నీకు తెలిసినట్టు చెయ్యి."

ఈ చివరి మాట నాదే. దీన్ని ఎటు తిప్పినా ఇంకొకరి మీదికి నెట్టడానికి వీల్లేదు, చాలా ప్రయత్నించాను.

ఆ శనివారం మధ్యాహ్నం ఒక బిళ్ళ తెచ్చుకుందామని సులై వెళ్ళాను. గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా వేసుకుని గుమ్మంలోనే ఎదురొచ్చాడు.

"రాండ్రి అక్కా, జూడుండ్రి. మొత్తం సాఫ్ జేసిన."

డాబా మీదికి తీసుకెళ్ళాడు. ప్రతి మెట్టుకీ నా మోకాలు ఏదో ఒకటి అంది. పైన తెల్లటి కొత్త దుప్పటి పరిచి ఉంది. దాని మీద, దుమ్ము పడకుండా దోమతెర కప్పి, పన్నెండు బిళ్ళలూ పొడిపొడిగా చిదిపి ఆరబోసి ఉన్నాయి. నెత్తిమీద మేనెల ఎండ. కింద సందులో లారీ ఇంజన్లు పొగ వదులుతున్నాయి.

"మా అమ్మ చింతపండు గిట్లనే ఎండకు పోస్తది. పాత మినుములు గూడ. పురుగు వట్టదు, వాసన వోతది."

"ఎన్నాళ్ళు?"

"మూడొద్దులు. పొద్దుగాల పోసుడు, పొద్దుమీకి ఎత్తుడు. నడుమ నడుమ తిరగేసిన. బంగారం లెక్క జూస్కున్న అక్కా."

నోటమాట రాకపోవడం ఎలా ఉంటుందో నాకు అప్పుడు తెలిసింది. మా ఆయన పాతికేళ్ళుగా ఎదురుచూస్తున్న దృశ్యం, చూడ్డానికి ఆయన అక్కడ లేడు.

నేను వంగి చేతిలోకి తీసుకున్నాను. ఆకు చిటపటమంది. వాసన చూశాను. ఎండుగడ్డి, దాని వెనక డీజిల్.

"వాసన పోయిందా లేదా అక్కా?"

"పోయిందయ్యా. పూర్తిగా పోయింది."

నా మొహం చూసి అతని నవ్వు ఆగిపోయింది. "ఏమైంది? తప్పు జేసిన్నా?"

తిట్టడానికి బోలెడు మాటలున్నాయి. ఒక్కటి కూడా పైకి తీయబుద్ధి కాలేదు, అంత అలసటగా ఉంది. కిందకి దిగి, గోడౌన్ ఆఫీసు మూల ఉన్న కెటిల్‌లో నీళ్ళు పెట్టాను. అతన్ని కుర్చీలో కూర్చోమంటే కూర్చోలేదు, సంచి మీద కూర్చున్నాడు. నా బ్యాగులో చిన్న రేకు డబ్బా ఎప్పుడూ ఉంటుంది, రుచి పోల్చుకోవడానికి. అందులో అదే ఇరవయ్యేళ్ళ ఆకు రెండు చెంచాలు మిగిలి ఉంది. అది ఒక గిన్నెలో వేశాను. ఎండబెట్టింది ఇంకో గిన్నెలో.

"ముందు ఇది తాగు."

"నేనా?" అన్నాడు. అప్పుడు గుర్తొచ్చింది నాకు. నాలుగేళ్ళుగా ఈ టీకి కాపలా ఉన్నాడు, ఒక్క గుక్క ఎప్పుడూ తాగలేదు. ఎవరం ఇవ్వలేదు. సోమవారాలు వచ్చే ఆడవాళ్ళకి ఏడేసి గిన్నెలు వొంపుతాను, మొదటి గిన్నె గొంతు తడుపుతుంది, మూడోది వీపు సడలిస్తుంది అని మేడం చదివి వినిపిస్తుంది.

ఊదుకుంటూ తాగాడు. ముందు మొహం చిట్లించాడు. "మన్ను వాసన అక్కా." కాసేపాగి, "వాన వడ్డంక వస్తది సూడుండ్రి, గట్ల." ఇంకో గుక్క. గొంతు మీద చెయ్యి పెట్టుకున్నాడు. "తియ్యగస్తుంది. చెక్కరేసిన్రా?"

"లేదు."

రెండో గిన్నె ఇచ్చాను. ఒక్క గుక్క తాగి కింద పెట్టేశాడు.

"గడ్డి నీళ్ళు."

అతను రెండు గిన్నెలూ చూస్తూ కూర్చున్నాడు. గోడౌన్ షట్టర్ మీద ఎండ చిటపటమంటోంది.

"గా వాసనే దీని పాణమా అక్కా?"

"అవును."

"మల్ల రాదా?"

"ఇరవయ్యేళ్ళు పడుతుంది."

తలకాయ పట్టుకున్నాడు. "నాకెవ్వరు చెప్పలే గదా" అన్నాడు, తిరగబడినట్టు కాదు, తనలో తను అనుకున్నట్టు. ఆ గది తలుపు మీద నిబంధనల కాగితం ఉంది. ఎండ తగలకూడదు, వాసనలు తగలకూడదు, చుక్కలు కనిపిస్తే మెత్తటి బ్రష్‌తో తుడవాలి, అన్నీ ఉన్నాయి. అరబ్బీలో ఒకటి, ఇంగ్లీషులో ఒకటి. అతని కోసం తెలుగులో రాసిపెట్టగల మనిషి ఆ కంపెనీ మొత్తంలో నేనొక్కదాన్నే.

"మేడం లీవు ఆపుతదా?" అని అడిగాడు. అట్టపెట్టె వైపు చూడకుండా అడిగాడు, అది మాత్రం నా కళ్ళ ముందే ఉంది, తాడు కట్టి, మీద ఊరిపేరు పెద్ద అక్షరాలతో రాసి.

ఆపుతుందని నాకు తెలుసు. మేడం చెడ్డది కాదు, కానీ లెక్క మనిషి.

మర్నాడు షాపులో మేడం ముందు కూర్చుని చెప్పాను. పన్నెండు బిళ్ళలూ పోయాయి, ఎండలో పెట్టాం.

"ఎవరు పెట్టారు?"

"నేను."

మేడం నా మొహం చూసి, తర్వాత నా మోకాళ్ళు చూసింది. "ఈ షాపులో మూడు మెట్లు ఎక్కడానికి నువ్వు నాతో లిఫ్ట్ గురించి వాదించావు. మూడు రోజులు సులైలో డాబా ఎక్కావా, హబీబ్తీ? నిజం చెప్పు."

చెప్పాను. మేడం కాసేపు కళ్ళు మూసుకుంది. ధ్యానం అయితే కాదు.

"ఆ బిళ్ళలు ఇక దొరకవు. చైనాలో గ్వాంగ్జౌ వ్యాపారి దగ్గర పన్నెండేళ్ళవి ఉన్నాయి, ఇవాళే ఓడ ఎక్కించమంటాను. నెలాఖరుకి వస్తాయి. సముద్రం మీదినుంచి వచ్చిన ఆకు ఆ గదిలో నలభై రోజులు సర్దుకోవాలి. రోజూ తిప్పాలి, రోజూ వాసన చూడాలి. డ్రైవర్‌కి ఇస్తే దాన్ని కూడా చంపుతాడు. పాడుచేసినవాడే కూర్చోవాలి. అతని సెలవు ఖలాస్."

"అతనికి ముహూర్తం ఉంది."

"నాకు సెప్టెంబర్ ఉంది."

అక్కడ మొదలైంది. గంటసేపు వాదించాను. నాలుగేళ్ళు ఒక మనిషికి చదవలేని కాగితం అంటించి, అతను చదవలేదనడం ఏం న్యాయం అన్నాను. ఆ నిబంధనలు రాసింది నువ్వే కదా అంది. అవును, నేనే అన్నాను. అతను రెండుసార్లు ఫోన్ చేశాడు, నేను రెండుసార్లూ పెట్టేశాను అన్నాను. "నీకు తెలిసినట్టు చెయ్యి" అన్నానని కూడా చెప్పాను. అంతవరకూ చెప్పాలనుకోలేదు. వాదనలో ఉన్న చిక్కు ఇదే, గెలవాలనే ఊపులో మనకి వ్యతిరేకంగా ఉన్న సాక్ష్యం కూడా మనమే తెచ్చి పెడతాం.

మేడం పెన్ను కింద పెట్టింది. "అయితే పాడుచేసింది ఎవరు?"

కొత్త నవారు మంచం కళ్ళముందు ఒకసారి కనిపించింది.

"నేనే కూర్చుంటాను" అన్నాను. "సంతోషంగా కాదు, అది కూడా రాసుకోండి."

సెప్టెంబర్‌లో క్లాసులు మళ్ళీ మొదలైతే షాపు రద్దీ, మళ్ళీ వచ్చే వేసవి దాకా సెలవు మాటే ఉండదు. ఇది ఇద్దరికీ తెలుసు. మేడం అతను దేశం దాటి తిరిగి రావడానికి కావలసిన ఎగ్జిట్ రీఎంట్రీ కాగితం లాప్‌టాప్‌లో తెరిచి మంజూరు నొక్కింది. నా టికెట్ గురించి ఏమీ అడగలేదు, అందుకు కొంచెం కృతజ్ఞతగా ఉంది.

అక్కకి ఫోన్ చేస్తే, "ఎవడే వాడు, నీ సెలవు కొట్టేసిన పుణ్యాత్ముడు?" అంది. మా ఆయన, "నువ్వు వాదించి ఓడిపోవడం మొదటిసారి చూస్తున్నా" అన్నాడు. ఓడిపోలేదు, గెలిచాను అని చెప్పడానికి కూడా ఓపిక లేకపోయింది.

వెళ్ళే ముందు రోజు అతను ఒక మాట అడిగాడు. "అక్కా, గా ఎండిన ఆకు పారేస్తరా?"

"ఇంకేం చేస్తాం?"

"నాకియ్యుండ్రి. ఇరవై ఏండ్లది గదా, పారేస్తే మనసొప్పుతలేదు."

ఇచ్చాను. స్టీలు డబ్బాలో పోసుకుని, అట్టపెట్టె తాడు విప్పి, గోడగడియారం పక్కన పెట్టుకున్నాడు.

కొత్త బిళ్ళలు వచ్చాయి. నా రోజులు ఇలా గడిచాయి: మెట్రో, తర్వాత టాక్సీ, తర్వాత ఆ గది. తలుపు వేసుకుంటే చీకటి. చిన్న బల్బు. పదహారు కుండలు, ఒక్కో దానికి రెండు చెంబులు. బిళ్ళ తీసి ముక్కు దగ్గర పెట్టుకోవడం, తిరగేసి పెట్టడం. మొదటి వారం ఉప్పుగాలి వాసన, ఓడది. రెండో వారం ఏ వాసనా లేదు, ఆకు అలిగి కూర్చున్నట్టు. మూడో వారంలో ఒక మూల బిళ్ళ దగ్గర తడిమట్టి లీలగా తగిలింది. అది నిజమా, నా కోరికా అని మూడుసార్లు చూశాను. ఆ వారమే తలుపు మీద మూడో కాగితం అంటించాను. తెలుగులో. చివరి వాక్యం: అనుమానం వస్తే ఫోన్ చెయ్యాలి, ఎత్తకపోతే ఎత్తేదాకా చెయ్యాలి.

గృహప్రవేశం రోజు పొద్దున ఆ గదిలో ఉండగానే వీడియో కాల్ వచ్చింది. కొత్త సున్నం గోడలు, మామిడాకులు, పొయ్యి మీద గిన్నె. పాలు పొంగాయి. అందరూ ఒక్కసారి ఏదో అన్నారు, వినపడలేదు. తర్వాత అతని మొహం తెర నిండా వచ్చింది, పసుపు బొట్టుతో.

"అక్కా, గా ఆకు పాలల్ల ఏసి మరగబెట్టినం. అల్లం దంచి ఏసినం. చెక్కర దండిగ. ఊరోళ్ళు ఇంకో గిలాస అడుగుతున్నరు."

"డీజిల్ వాసన రావట్లేదా?"

"పాలల్ల ఏం దెలుస్తదక్కా!"

వెనక ఎవరో ముసలామె స్టీలు గ్లాసు ఎత్తి చూపించింది. ఏడు గిన్నెల్లో గుక్క గుక్కగా, కళ్ళు మూసుకుని తాగాల్సిన ఇరవయ్యేళ్ళ టీ. మా ఆయన ఉంటే ఇప్పటికి టీలా తయారైందనేవాడు. నాకు నవ్వొచ్చింది, నవ్వితే మెడ నొప్పి పుట్టింది.

ఫోన్ పెట్టేశాక నాలుగు కుండలు నింపాను. ఐదో కుండ దగ్గర, ఊరికే ఒక నిమిషం అని, గోనెసంచుల మీద వీపు ఆనించాను. గది చల్లగా, తడిగా, ఏ మాటా లేకుండా ఉంది. ఎవరూ నన్ను శ్వాస మీద ధ్యాస పెట్టమనలేదు.

లేచేసరికి గంటన్నర దాటింది. చెంబు పక్కకి దొర్లి నా చీర అంచు తడిసి ఉంది. ఫోన్ చూస్తే అతని మిస్డ్ కాల్స్ మూడు. వెంటనే చేశాను.

"ఏమైందయ్యా?"

"ఏం లేదక్కా. అందరు బువ్వ తింటున్నరు. మీరు తిన్నరా అని చేసిన."

లేదన్నాను. టిఫిన్ డబ్బా తెచ్చుకున్నాను గానీ తెరవలేదని చెప్పాను. "ముందుగాల తినుండ్రి" అన్నాడు. అతను పెట్టేసేదాకా ఉండి, డబ్బా మూత తీశాను.